తెల్ల ఆయిలు

కారును ట్రాక్టర్ వెనుక ఇనుప గొలుసుతో కట్టి తెచ్చారు. మృగశిర వచ్చి వారమైనా కోరుట్లలో చినుకు లేదు. గొలుసు లాగినప్పుడల్లా లేచిన దుమ్ము కారు మీదే పడి తెల్ల రంగు మాసిపోయింది. ట్రాక్టర్ వాడు గొలుసు విప్పుకొని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

వెనుకే పోలీసు జీపు వచ్చింది. ఎస్సై, ఒక జవాను, జీపు నడిపే రాజం దిగారు. బుచ్చన్న షెడ్డులో లారీ గేర్‌బాక్స్ కడుగుతున్నాడు. చేతులు తుడుచుకొని లేచాడు.

కారు ఎవరిదో అడగనక్కర లేదు. రైసుమిల్లు సాయన్నది. డీజిల్ అంబాసిడర్. రెండు రోజుల కింద పోలీసులు తమ పనికి కావాలని డ్రైవర్ ఎల్లేశంతో సహా తీసుకుపోయారు. సిరిసిల్ల అవతల ఒక ఊళ్లో అడవి నుంచి వచ్చిన అన్నలు అన్నం తింటున్నారని కబురు వచ్చింది. సిరిసిల్ల దాటి ఎనిమిది కిలోమీటర్లు పోగానే కారు ఉడికి ఆగిపోయింది. వీళ్లు నడిచి ఆ ఊరు చేరేసరికి పొయ్యి వేడిగా ఉంది, మనుషులు లేరు. ఈ సంగతి ఊరంతా నిన్ననే తెలిసింది.

"ఏమైందో చూసి చెప్పు," అన్నాడు ఎస్సై. కృష్ణా జిల్లా మనిషి. మాట నెమ్మది.

బుచ్చన్న బానెట్ లేపాడు. రేడియేటర్ మూత మీద గోనె గుడ్డ వేసి తిప్పాడు. చల్లారి ఉంది. లోపల నీళ్ల మీద ఆయిలు తేలుతోంది. వేలు ముంచి తీశాడు. రెండు వేళ్ల మధ్య రుద్దాడు, వాసన చూశాడు, ఎండకు పట్టాడు. పలచన. తెలుపుకు దగ్గరైన లేత పసుపు. పక్కనే నిలబడ్డ రాజం కూడా ఆ వేలు చూశాడు.

తర్వాత ఇంజన్‌లో ఆయిలు మట్టం చూసే గేజు లాగాడు. తుడిచి మళ్లీ ముంచి తీశాడు. ఆయిలు గీత దగ్గరే ఉంది, వెంట్రుకవాసి తగ్గలేదు. నీళ్లు కలిస్తే మజ్జిగలా తెల్లబడాలి. తెల్లబడలేదు. డీజిల్ బండిలో ఆయిలు పోసిన రెండోనాడే కుండ అడుగులా నల్లబడుతుంది. గేజు మీదున్నది నలుపు. రేడియేటర్‌లో ఉన్నది వేరు.

"ఇంజన్ ఆయిలు కాదిది. లోపటికెల్లి రాలే. పైకెల్లి పోసింది," అన్నాడు.

"అంటే ఎవరో పోశారు."

"ఔ."

"రేడియేటర్ మూత తీసేది ఎవరు?"

"డ్రైవరు."

ఎస్సై జవాను వైపు చూశాడు. జవాను కాగితం తీసి బానెట్ మీద పెట్టి రాశాడు. బుచ్చన్న చదివి సంతకం చేశాడు. ఊరి బడిలో ఐదు దాకా చదివాడు. వేలిముద్ర వేసేవాళ్లంటే అతనికి చిన్నచూపు.

కోరుట్లలో బండి చెడిపోతే తప్పు ఎవరిదో బుచ్చన్న చెప్పాలి. ఓనరూ డ్రైవరూ ఇద్దరూ వచ్చి షెడ్డు ముందు నిలబడతారు. అతను విప్పి చూసి, నీదని ఒకరికి చెబుతాడు. రెండో మాట ఉండదు. ఇరవై మూడేళ్లుగా అదే రివాజు. ఇవాళ ఓనరు రాలేదు, డ్రైవర్‌ను తేలేదు. అయినా అడిగారు, చెప్పాడు. చూసిందే చెప్పాడు.

జీపు ఎక్కబోతూ రాజం వెనక్కి వచ్చాడు. ఎల్లేశాన్ని జగిత్యాల రోడ్డు మీద, పాత గోదాములో పెట్టిన క్యాంపులో ఉంచారని మెల్లగా చెప్పాడు. అడగనిదే ఎందుకు చెబుతున్నావన్నట్టు బుచ్చన్న అతన్ని చూశాడు. గేర్‌బాక్స్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

*

మర్నాడు పొద్దున బాలవ్వ వచ్చింది. ఎల్లేశం తల్లి. బీడీలు చుట్టి చుట్టి ఆమె వేళ్ల కొనలు పచ్చబడి ఉంటాయి. షెడ్డు గడప ముందు నేల మీద కూర్చుంది. బుచ్చన్న పని ఆపలేదు.

కొంతసేపు ఆమే మాట్లాడింది. రెండు రోజులుగా క్యాంపు గేటు దగ్గర ఉందట. సద్ది లోపలికి పోనివ్వలేదు. నిన్న సాయంత్రం ఒక జవాను జాలిపడి రెండు నిమిషాలు చూపించాడు. కొడుకు నిలబడలేకపోతున్నాడు, గోడకు ఆనుకొని మాట్లాడాడు. అన్నలు చెబితేనే ఆయిలు పోశానని ఒప్పుకోమంటున్నారట. ఒప్పుకున్నవాళ్లను ఎటు తీసుకుపోతారో ఈ తాలూకాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"బుచ్చన్నా, నువ్వే చెప్పినవట గద, నా కొడుకు పోసిండని."

"డ్రైవరు మూత తీస్తడని చెప్పిన. నీ కొడుకు పేరు తియ్యలే."

"రొండు ఒకటే కాదా?"

బుచ్చన్న పానా కింద పెట్టాడు. "బాలవ్వా, నేను చూసింది చెప్పిన. ఆయిలు పైకెల్లి పోసింది. లేదని నేనెట్ల చెప్పాలె?"

సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల కార్ఖానా దగ్గర రేడియేటర్‌లో నీళ్లు పోశారట. కొడుకు బానెట్ పట్టుకొని నిలబడ్డాడట, నీళ్లు తెచ్చింది జవానట. ఆ మాట కొడుకు చెబితే ఆ జవానే ముందుకు వచ్చి, తాను తెచ్చింది నీళ్లేనని మళ్లీ కొట్టాడట. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక కూడా లేవలేదు.

"రాజవ్వ విషయం మనసుల పెట్టుకున్నవు," అంది చివరికి.

బుచ్చన్న పానా మళ్లీ చేతికి తీసుకున్నాడు.

నాలుగేళ్ల కింద, మిట్టమధ్యాహ్నం, చేలో బుచ్చన్న భార్య రాజవ్వను పాము కరిచింది. సాయన్న కారు మిల్లు ముందు ఉంది. ఎల్లేశం దాన్ని తుడుస్తున్నాడు. సేటు ఊళ్లో లేడు, అడగకుండా తీయనన్నాడు. బుచ్చన్న ఆమెను బస్సులో జగిత్యాలకు తీసుకుపోయాడు. మేడిపల్లి దాటకముందే ఆమె తల అతని భుజం మీద బరువైంది. కండక్టర్ దిగమన్నాడు. దిగాడు. ఆ రోజు నుంచి ఎల్లేశం కారు తెస్తే బుచ్చన్న బాగు చేస్తాడు, మాట్లాడడు.

"దానికి దీనికి సంబంధం లేదు," అన్నాడు.

బాలవ్వ చీర దులుపుకొని లేచింది. "ఉన్నదో లేదో నీకు ఎర్కే," అని వెళ్లిపోయింది.

*

కారు తొందరగా కావాలని సాయన్న మనిషిని పంపాడు. డ్రైవర్ గురించి ఆ మనిషి ఏమీ అనలేదు.

బుచ్చన్న డ్రమ్ములో నీళ్లు కాచి బట్టల సోడా కలిపాడు. రేడియేటర్ ఊడదీసి, తలకిందుగా రాయి మీద ఆనించాడు. ఆయిలు పట్టిన రేడియేటర్‌ను పైనుంచి కడిగితే మురికి ఇంకా లోపలికి దిగుతుంది. కింది మూతి నుంచి నీళ్లు తోసి, పై మూతి నుంచి బయటకు రప్పించాలి. తోశాడు. మొదట ఆయిలు వచ్చింది. తర్వాత నీళ్లు సన్నగా, అడ్డుపడి వచ్చాయి. ఇంత చిన్న బండిలో, ఈ కాస్త ఆయిలుకే నీళ్లు ఇంతగా ఆగవు. వేడి నీళ్లు మళ్లీ పోసి గట్టిగా తోశాడు.

మూతి నుంచి ఒక ముద్ద జారి నేల మీద పడింది.

తడిసిన పిల్లి బొచ్చులా ఉంది. బుచ్చన్న కూర్చొని దాన్ని పుల్లతో విడదీశాడు. ఇంకో ముద్ద వచ్చింది. ఇంకోటి. అరచేతిలో వేసుకొని సోడా నీళ్లతో కడిగాడు. ఆయిలు పోయాక తెలుపు తేలింది. దూది పీచు. మధ్యలో బెత్తెడు దారం ముక్క, గంజి పెట్టిన దారం.

అప్పుడు అర్థమైంది. ఇది గొట్టాల మూతుల మీద చాపలా పరుచుకుంది. ఆయిలు దాన్ని అతికించింది. నీళ్లు తిరగలేదు, బండి ఉడికింది. బండి చెడగొట్టాలనుకున్నవాడు ఆయిలు పోస్తే పోస్తాడు, ఇసుక పోస్తాడు. దూది పీచు వెతికి తెచ్చి పోయడు. పీచూ ఆయిలూ కలిసి ఉండే చోటు ఒకటే. సాంచాలకు నూనె వేసే డబ్బా. కార్ఖానాలో ఎగిరే పీచంతా ఆ డబ్బాలోనే పడి అడుగున పేరుకుంటుంది.

తాను చెప్పింది తప్పు కాదు. పైనుంచే పోశారు. కాని ఎస్సై అడిగిన రెండో ప్రశ్నకు చూడకుండా జవాబు చెప్పాడు. మూత తీసేవాడు డ్రైవరు. ఆ మాట అంటున్నప్పుడు ఎల్లేశం మొహం కళ్ల ముందు ఉంది. అది అతనికి తెలుసు.

పీచు ముద్దను సిమెంటు సంచి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట అన్నం వండుకోలేదు.

*

గురువారం మొదటి బస్సుకు సిరిసిల్ల పోయాడు. వేములవాడ రోడ్డు పక్కన కార్ఖానాలు వరుసగా ఉన్నాయి. సాంచాల చప్పుడుకు రోడ్డు మీద మాట వినబడదు. ఒక్కో గడప ముందు ఆగి, మొన్న పోలీసుల కారు నీళ్ల కోసం ఇక్కడ ఆగిందా అని అడిగాడు. పోలీసులు అనే మాట పూర్తి కాకముందే లేదన్నారు. నాలుగు చోట్ల అంతే. ఒకచోట ముసలాయన, నువ్వెవరి మనిషివని అడిగి, జవాబు వినకుండా లోపలికి వెళ్లాడు.

ఐదో చోట ఒక ఆడమనిషి చూరు కింద కూర్చొని కండెలు చుడుతోంది. అడగగానే రాట్నం మీద ఆమె చెయ్యి ఆగింది. మళ్లీ తిప్పింది. దారం తెగింది.

"నేను పోలీసు కాదు. మిస్త్రిని," అన్నాడు బుచ్చన్న. నల్లబడ్డ గోళ్లు చూపించాడు.

ఆమె తెగిన దారం ముడి వేసుకుంది. అతను గోడ నీడకు కూర్చున్నాడు. తెరిచిన తలుపుకు లోపలి పక్కన సిమెంటు హౌజులో నీళ్లు ఉన్నాయి. హౌజు గట్టు మీద రేకు డబ్బా ఉంది. మూతి కోసి, తీగతో పట్టు కట్టిన డబ్బా. లేచి వెళ్లి వేలు పెట్టాడు. పలచన, లేత పసుపు. అడుగున పీచు మెత్తగా తగిలింది. జేబులోని కాగితం విప్పి ఆమె ముందు పెట్టాడు.

ఆమె దాన్ని చూసి, లోపలికి ఒకసారి చూసింది. పేరు రుక్కమ్మ అని చెప్పింది. భర్త బాలకిషన్ లోపల నాలుగు సాంచాలు నడుపుతున్నాడు.

"ఆ జవాను సీద లోపటికి అచ్చిండు. నన్ను అడుగలే. డబ్బ అందుకొని హౌజుల ముంచిండు, పోయిండు. మళ్ల అచ్చి మళ్ల ముంచిండు."

"గది నూనె డబ్బని చెప్పకపోతివా?"

"తుపాకి పట్టుకున్నోనికి గది ముట్టకు అని చెప్తమా?"

"పోసిందెవలు?"

"గాయినెనే. డ్రైవరు పిలగాడు మొఖం పక్కకు పెట్టుకొని ఆవిరికి చేతులు ఊదుకుంటున్నడు."

జవానుకు తెలిసి ఉండదు. మసక చీకటి కార్ఖానా, అందిన డబ్బా. కావాలని ఎవరూ ఏమీ చేయలేదు. దాని మీద ఒక మనిషి ప్రాణం పోబోతోంది.

"గీ మాట నువ్వు ఠాణల చెప్తవా?" అడిగింది రుక్కమ్మ.

ఆమె రాట్నం పక్కకు జరిపింది. బాలకిషన్ యూనియన్‌లో తిరుగుతాడట. రెండుసార్లు పట్టుకుపోయారు. రెండోసారి వచ్చాక ఎడమ చెవి వినబడడం లేదు.

"నువ్వు చెప్తె, డబ్బ ఎవలదని అడుగుతరు. నూనె డబ్బ నీళ్ల కాడ ఎందుకు పెట్టినవంటరు. ఎవలు పెట్టుమన్నరంటరు. మా ఆయినకు ఒక్క చెవే ఉన్నది ఇప్పుడు." ఆమె గొంతులో కోపం లేదు. "నీ పిలగాన్ని ఇడిపియ్యనీకి మా ఇంటాయినను ఇయ్యమంటున్నవు."

"వాడు నా పిలగాడు కాదు."

"మరి ఎందుకచ్చినవు?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె లేచి చెంబుతో నీళ్లిచ్చింది. తాగాడు. ఆమె డబ్బా తీసి, అతను చూస్తుండగానే లోపలికి తీసుకుపోయింది.

వేములవాడ, చందుర్తి, రుద్రంగి, కథలాపూర్. బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఒకే లెక్క నాలుగుసార్లు వేశాడు. నిజం చెబితే రుక్కమ్మ ఇంటి మీద పడతారు. జవాను ఒప్పుకోడు. ఏమీ చెప్పకపోతే ఎల్లేశాన్ని ఒకరోజు అడవి వైపు తీసుకుపోతారు, మర్నాడు పేపర్లో ఎన్‌కౌంటర్ అని నాలుగు వరుసలు వస్తాయి. ఆయిలు ఎవరూ పోయలేదని తేలాలి. ఆయిలు లోపలినుంచే వచ్చిందని తేలాలి. అంటే బుచ్చన్నకు చూడడం రాలేదని తేలాలి.

*

శుక్రవారం పొద్దున జగిత్యాలకు పోయి కొత్త హెడ్డు గాస్కెట్ కొన్నాడు. ఇంజన్ దిమ్మెకూ పైనున్న హెడ్డుకూ మధ్య పెట్టే, లోపల నార నింపిన రాగి రేకు అది. నూనె దారులు, నీళ్ల దారులు దానిలోని రంధ్రాల గుండానే పైకి పోతాయి. రెండు రంధ్రాల మధ్య రేకు పగిలితే ఆయిలు నీళ్లలో కలుస్తుంది.

దుకాణంలో నర్సయ్య ఎవరి బండికని అడిగాడు. చెప్పాడు.

"గాస్కెటా? మరి ఎవడో ఆయిలు పోసిండని అన్నవట గద?"

కోరుట్లలో అన్న మాట మూడు రోజుల్లో జగిత్యాలకు వచ్చింది.

"తప్పు చూసిన," అన్నాడు బుచ్చన్న. మొదటిసారి అంటున్నాడు. నోరు తిరిగింది.

నర్సయ్య నవ్వాడు. "నువ్వు గుడ తప్పు చూస్తవానె. మరి మాసొంటోళ్ల గతేంది?"

షెడ్డుకు వచ్చి రేకు తలుపు సగం దించాడు. పై మూత విప్పి, రాకర్ తీసి, కడ్డీలను వరుస తప్పకుండా అట్ట ముక్కలో గుచ్చాడు. హెడ్డు నట్లు ఒక్కోటి సగం తిప్పు, మళ్లీ సగం తిప్పు వదులు చేశాడు. హెడ్డుకు తాడు కట్టి దూలం మీదుగా లాగి లేపాడు. ఎప్పుడూ ఇద్దరు పట్టే పని. గాస్కెట్‌ను కత్తి మొనతో విడదీసి వెలుతురుకు పట్టుకున్నాడు. పోయినేడు తానే వేసింది. ఎక్కడా మచ్చ లేదు. అన్ని అంచులూ పొందికగా ఉన్నాయి. మంచి పని.

దాన్ని దిమ్మె మీద పరిచాడు. సన్న ఉలి తీసుకున్నాడు. నూనె రంధ్రానికీ నీళ్ల రంధ్రానికీ మధ్య వేలెడు దూరం ఉంది. ఉలి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. చెడింది బాగుచేయడమే గాని, బాగున్నది చెడగొట్టడం చేతికి తెలియదు. సుత్తెతో మెల్లగా కొట్టాడు. గీత మరీ నేరుగా వచ్చింది. పగులు అలా ఉండదు. అంచులు వంకర చేసి, లోపలి నారను గోటితో పీకాడు. బ్లోల్యాంపు ముట్టించి అంచులు మాడ్చాడు. ఆయిలు చాంబర్ కింది నట్టు విప్పి సేరు ఆయిలు తీసి, సగం పక్కన పెట్టి, మిగిలిన దానిలో అర గ్లాసు నీళ్లు గిలకొట్టి తిరిగి పోశాడు. గేజు ముంచి తీశాడు. మట్టం తగ్గింది. ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగింది.

పీచు ముద్దను బ్లోల్యాంపు మంటలో కాల్చేశాడు. ఆయిలు ఉన్నందున భగ్గున అంటుకుంది.

*

శనివారం గాస్కెట్‌ను పాత పేపర్లో చుట్టుకొని క్యాంపుకు నడిచిపోయాడు. గేటు ముందు బాలవ్వ కూర్చొని ఉంది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది. ఇంకా పదిమంది ఉన్నారు, తలా ఒక మనిషి కోసం. మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టారు. ఎస్సై అన్నం తిని, చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికే వచ్చాడు. వెనుక రాజం ఉన్నాడు.

బుచ్చన్న పేపర్ విప్పాడు. కారు హెడ్డు విప్పానని, గాస్కెట్ పగిలి ఉందని, ఆయిలు లోపలినుంచే నీళ్లలోకి వచ్చిందని, ఎవరూ పోయలేదని చెప్పాడు.

"మంగళవారం ఇంకోలా చెప్పావు."

"తప్పు చూసిన సార్."

"గట్టిగా చెప్పు. అందరూ వినాలి."

"తప్పు చూసిన."

"ఇంకా గట్టిగా."

మూడోసారి చెప్పినప్పుడు గేటు ముందున్న పదిమందీ అతన్ని చూస్తున్నారు. అందులో ఇద్దరు ఏళ్లుగా అతని షెడ్డుకు లారీలు తెచ్చేవాళ్లు.

ఎస్సై గాస్కెట్‌ను రాజం చేతికిచ్చాడు. రాజం దాన్ని ఎండకు పట్టాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పగిలిన అంచు వెంట బొటనవేలి గోరు నడిపి, మధ్యలో ఆపాడు. ఉలి మొదట దిగిన చోటు అది. మిస్త్రీ పని తెలిసిన ఎవడైనా పోల్చుకుంటాడు.

"మొన్న నీ ఏలికి అంటింది తెల్ల ఆయిలు గదనే?" అన్నాడు.

"నా కండ్లకు గట్ల కనవడ్డది."

"డీజిల్ బండిల నల్లగుండాలె."

"గందుకే తప్పంటున్న."

రాజం అతన్ని చూశాడు. బుచ్చన్న చూపు దించలేదు. గేటు అవతల బాలవ్వ లేచి నిలబడింది. రాజం చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"గాస్కెటే సార్," అన్నాడు ఎస్సైతో. "నేను పొయ్యి గేజు గుడ చూసస్త. గని గిదే. ముసలాయినకు చూపు పోయింది. గిసొంటోల్లు పానాలు పక్కకు పెట్టి ఇంట్ల కూసుండాలె."

జవాన్లు నవ్వారు. ఎస్సై నవ్వలేదు. "ఐదు రోజులు ఒక మనిషిని ఉంచాం. నీ నోటి మాట మీద," అన్నాడు.

"ఔ సార్."

"అన్నం తింటున్నావా ఏమైనా?"

బుచ్చన్న ముందుకు కాగితం వచ్చింది. కంటిచూపు సరిగా లేక ముందు తప్పుగా చెప్పానని రాసి ఉంది. చదివి సంతకం చేశాడు. తిరిగి వస్తుంటే బాలవ్వ అతని కాళ్ల ముందు ఉమ్మింది.

ఆ సాయంత్రం ఒక లారీ షెడ్డు ముందు నుంచి పోయింది. ఓనరూ డ్రైవరూ లోపలే గట్టిగా వాదులాడుకుంటున్నారు, రోడ్డు దాకా వినబడుతోంది. లారీ ఆగలేదు. మెట్‌పల్లి వైపు పోయింది. బుచ్చన్న కొత్త గాస్కెట్ వేసి హెడ్డు దించాడు. నట్లు మధ్య నుంచి చివరలకు వరుసగా బిగించాడు.

*

ఆదివారం పదిగంటలకు ఎల్లేశం వచ్చాడు. ఒక్కడే. చెప్పులు చేతిలో పట్టుకొని, పాదాలకు చీర పేలికలు చుట్టుకొని, గోడలు పట్టుకుంటూ వచ్చాడు. ఇక మీదట కారు జగిత్యాలలో చూపిద్దామని సాయన్న అన్నాడని, తీసుకురమ్మన్నాడని చెప్పాడు. మొహం ఒకవైపు ఉబ్బి ఉంది.

బుచ్చన్న ఇంజన్ నడిపి చూపించాడు. రేడియేటర్ మూత తీసి నిలబడ్డాడు. ఎల్లేశం వంగి, నీళ్లలో వేలు పెట్టి, ఎండకు పట్టి చూసుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ చూసుకోలేదు. నీళ్లు తేటగా ఉన్నాయి.

డ్రైవర్ సీటులో కూర్చొని క్లచ్ మీద కాలు పెట్టాడు. తొక్కబోయి పళ్లు బిగించాడు. రెండోసారి ప్రయత్నించి, స్టీరింగ్ మీద తల ఆనించాడు.

"జరుగు," అన్నాడు బుచ్చన్న.

అతను పక్క సీటుకు జరిగాడు. బుచ్చన్న కారు తీశాడు. సంత రోజు కాదు, రోడ్డు ఖాళీగా ఉంది. కారు బస్టాండు దాటింది.

"కాకా," అన్నాడు ఎల్లేశం. "అవ్వ నిన్ను తిడుతున్నది. నేను వద్దన్న. నువ్వు గేటు కాడ అందరి ముంగట తప్పని ఒప్పుకున్నవట. రాజమన్న చెప్పిండు. ఎవడొప్పుకుంటడు గట్ల? నేనైతె ఒప్పుకోకపోదు."

బుచ్చన్న రోడ్డు చూస్తున్నాడు.

"నేను గుడ ఒకటి చెప్పాలె. నాలుగేండ్ల సంది చెప్తామనుకుంట ఉన్న." ఎల్లేశం గొంతు సవరించుకున్నాడు. "ఆనాడు సేటు ఊళ్లెనే ఉండె. మిల్లుల, లోపల పండుకున్నడు. లేపితె తిడుతడని... లేపలే. ఊళ్లె లేడని నీకు చెప్పిన. నాది తప్పు, కాకా."

గేరు మార్చాల్సిన చోట బుచ్చన్న మార్చలేదు. ఇంజన్ మూలిగింది. అప్పుడు మార్చాడు.

గడప అవతల సేటు. పది అడుగులు. లేపితే తిడతాడు, అంతే. నాలుగేళ్లుగా అతను అనుకున్నది, అడగడానికి మనిషి లేడని. ఆ సాకును నమ్మి ద్వేషించాడు. ఇప్పుడు అది కూడా లేదు. తాను చేయని తప్పును ఒప్పుకుంటే, దానికి బదులుగా వీడు చేసిన తప్పు బయటికి తీశాడు. వీడి మొహం తేలికపడి ఉంది. చెప్పేసినవాడి మొహం.

ఒక మాట చాలు. నేను తప్పు చూడలేదురా, నీ కోసం నా మంచి పనిని ఉలితో పగలగొట్టానని ఒక మాట. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే వీడు ఏడుస్తాడు, తల్లికి చెబుతాడు, తల్లి వాడకు చెబుతుంది. వారం తిరగకుండా సిరిసిల్లలో ఒక గడప ముందు జీపు ఆగుతుంది. మింగేశాడు.

ఎల్లేశం ఇంటి ముందు కారు ఆగింది. అతను తలుపు పట్టుకొని మెల్లగా దిగాడు. కిటికీలోకి వంగి, ఏదో ఒకటి అంటాడని చూశాడు.

"ఏమన్న అను, కాకా."

"కారు మిల్లు కాడ ఇడిసిపెడుత," అన్నాడు బుచ్చన్న. "నువ్వు మళ్ల నా షెడ్డుకు రాకు."

ఎల్లేశం తలూపాడు. ముసలాయన సిగ్గుపడుతున్నాడని అనుకున్నాడు. కిటికీ మీద నుంచి చెయ్యి తీశాడు.

బుచ్చన్న కారును మిల్లు ముందు, నీడలో ఆపాడు. తాళం గుమాస్తాకు ఇచ్చాడు. లోపల సాయన్న పండుకున్నాడని, లేపమంటావా అని గుమాస్తా అడిగాడు.

"లేపు," అన్నాడు బుచ్చన్న. అతను లేచేదాకా అక్కడే నిలబడ్డాడు. సాయన్న కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చి, తిట్టలేదు, ఏంది బుచ్చన్నా అని అడిగాడు. ఏం లేదని చెప్పి, బుచ్చన్న ఎండలోకి నడిచాడు.